గృహిణీ గణితము : స్థాలీపులాకన్యాయము



గడచిన మాసమున నీ శీర్షికయందు శాతములఁగూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున మన బాలబాలికలు పాఠశాలలందుఁ జదువుచున్న సాంఖ్యకశాస్త్రమునుండి రెండు విషయములను గైకొందము. కొన్నింటిని జూచి యన్నింటిని దెలిసికొనుట మొదటిది. అనేకసంఖ్యల సారమును ఒకటి రెండు సంఖ్యలలో నిమిడ్చి చెప్పుట రెండవది. పేరులు క్రొత్తవిగా వినఁబడినను ఈ రెండు పనులును వంటయింట మనకు నిత్యపరిచితములే. కావున గణితమన్న భయమును ముందుగా గడప వెలుపల నుంచి రండు.

మెతుకు చెప్పెడి మాట

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండెడన్నమును పిసికి చూచు నిల్లాలు లేదు. గరిటెతో నొక మెతుకు తీసి, వ్రేళ్ళనడుమ నదిమి చూచి, మిగిలినదంతయు నట్లే యున్నదని నిశ్చయించుకొనుచున్నాము. దీనినే మన పూర్వులు స్థాలీపులాకన్యాయమనిరి. స్థాలి యనఁగా వంటకుండ, పులాకమనఁగా మెతుకు. మీమాంసకులును ఆలంకారికులును వాడిన యీ న్యాయమే నేఁటి సాంఖ్యకశాస్త్రమునకుఁ బునాదిరాయి. కుండలోని యన్నమంతటికిని శాస్త్రజ్ఞులు సమగ్రమని పేరిడిరి. చేతికిఁ దీసికొన్న మెతుకు నమూనా. అట్లు తీయు పద్ధతికి ప్రతిచయనమని పేరు.

అయితే ఆ మెతుకు మాట యేల నమ్మఁదగినది? బియ్యమంతయు నొక్కరకము, నీరొక్కటి, నిప్పొక్కటి, నడుమనొకసారి గరిటెతోఁ గలియఁబెట్టితిమి. అందుచేత ఏ మెతుకు తీసినను ఒక్కటే. పాతబియ్యమును క్రొత్తబియ్యమును గలిసియున్నను, పెండ్లివంటలో గుండిగ క్రింద నొకప్రక్కనే మంట తగులుచున్నను, పైమెతుకొక్కటి చూచి దింపినచో అతిథులముందుఁ దలవంచుకొనవలసివచ్చును. అనుభవము గల వంటవాఁడు అడుగునుండి కొంత, అంచునుండి కొంత, నడుమనుండి కొంత తీసి చూచును. 

ఇందు మఱియొక రహస్యము కలదు. చారు రుచి చూచుటకు చిన్నగిన్నెకైనను ఒక చెంచాయే, పెద్దగుండిగకైనను ఒక చెంచాయే. బాగుగాఁ గలియఁబెట్టినచోఁ బాత్రయెంత పెద్దదైనను చెంచా పెరుగనక్కఱలేదు. కలియఁబెట్టనిచో గరిటెఁడు త్రాగినను నిజము తెలియదు. కోట్లజనులున్న దేశమును గూర్చి కొన్నివేల కుటుంబములను మాత్రమే యడిగి చెప్పిన లెక్క యెట్లు నిజమగునని మనలోఁ బలువురకు సందేహము కలుగుచుండును. దానికి సమాధానము ఈ చెంచాలోనే యున్నది. ఎంతమంది నడిగిరనుటకంటె, ఎట్లు ఏఱి యడిగిరనునది ముఖ్యము.

ఋతుపర్ణుని తాండ్రచెట్టు

భారతమున నలోపాఖ్యానము నెఱుఁగని సోదరి యుండదు. దమయంతి తన భర్తజాడఁ దెలిసికొనుటకై పన్నిన యుపాయముచే రెండవ స్వయంవరమను వార్త పుట్టినది. అయోధ్యాపతియగు ఋతుపర్ణుఁడు బాహుకరూపముననున్న నలుని సారథిగాఁ గొని విదర్భకుఁ బయనమయ్యెను. త్రోవలో నొక తాండ్రచెట్టును జూచి, దాని రెండు కొమ్మలయందు ఐదుకోట్ల యాకులును, 2095 కాయలును గలవని రాజు చెప్పినట్లు సంస్కృతభారతమునఁ గలదు. బాహుకుఁడు నమ్మక రథము నిలిపి, చెట్టును గూల్చి కాయలను లెక్కించెను. రాజు చెప్పినంతయే యయ్యెను.

రాజు చెట్టంతయు లెక్కింపలేదు. ఒక చిన్నరెమ్మను లెక్కించి, అట్టి రెమ్మలెన్నియో యంచనావేసి, హెచ్చించి చెప్పియుండునని నేఁటి పండితులు కొందఱూహించుచున్నారు. అది యూహయే గాని వ్యాసవాక్యము కాదు. అయినను ఈ సంఖ్యావిద్య గల ఋతుపర్ణుఁడే నలునకు అక్షహృదయమును, అనఁగా పాచికల మర్మమును, ఉపదేశించుట గమనింపఁదగినది. లెక్కకును యాదృచ్ఛికమునకును గల బంధుత్వమును మనవారు ఆనాఁడే గుర్తించియుండిరని తోఁచును.

ఏఱుటకు నాలుగు త్రోవలు

ఒక పాఠశాలలో 600 మంది పిల్లలు కలరనుకొందము. వారిలో నెందఱు ఉదయము ఏమియుఁ దినక బడికి వచ్చుచున్నారో తెలియవలెను. అందఱి నడుగుటకు వ్యవధి లేదు గనుక 60 మందిని ఏఱుకొందము.

మొదటి త్రోవ చీట్లు వేయుట. 600 పేరులును చీట్లపై వ్రాసి, కడవలో వేసి, బాగుగాఁ గలిపి, కన్నులు మూసికొని 60 తీయవలెను. ఎవరి చీటికైనను వచ్చు నవకాశము సమానమే. దీనిని సరళ యాదృచ్ఛిక ప్రతిచయనమందురు.

రెండవది వరుసనుబట్టి ఏఱుట. హాజరుపట్టీలో ప్రతి పదవ పేరును గైకొందుము. మొదటి పదిమందిలో నెవరితో మొదలిడవలెనో చీటివేసి తేల్చుకొనవలెను. ఇది సులభమే కాని యొక యపాయము కలదు. ఒక వీథిలో పదేసి యిండ్లకొక మూలయిల్లుండి, మూలయిండ్లన్నియు మేడలే యయినచో, ప్రతి పదవ యింటిని జూచినవాఁడు ఊరంతయు మేడలే యనుకొనును, లేదా ఒక్క మేడయు లేదనుకొనును.

మూఁడవది వర్గములుగా విడదీసి ఏఱుట. పాఠశాలలో బాలురు 360 మందియు బాలికలు 240 మందియు నున్నచో, అదే పాళమున బాలురనుండి 36 మందిని, బాలికలనుండి 24 మందిని చీట్లచే నేఱుకొందుము. ఇందుచేత చీట్లవశమున బాలికలు మఱుఁగుపడుట సంభవింపదు. దీనికి స్తరిత ప్రతిచయనమని పేరు.

నాలుగవది గుత్తులుగా ఏఱుట. అన్ని తరగతులకుఁ దిరుగక, చీట్లచే రెండు తరగతిగదుల నేఱుకొని, అందలి పిల్లల నందఱినడుగుదుము. శ్రమ తక్కువ. కాని ఒక గదిలోనివారందఱు ఒకే యీడువారగుటచే నిజము కొంత యొకవైపునకు మ్రొగ్గవచ్చును. అందుచేత శాస్త్రజ్ఞులు పెద్ద లెక్కలలో ఈ త్రోవలను గలిపి వాడుదురు.

ఇఁక ఐదవ త్రోవ యొకటి కలదు. అది త్రోవ కాదు, గోతి. వాకిట ముందుగాఁ గనఁబడిన 60 మందిని అడిగివేయుట. తెల్లవాఱకమునుపే వంటయగు నిండ్ల పిల్లలే ముందుగా బడికి వత్తురు. తల్లి కూలికిఁ బోయినందున చెల్లెలిని సముదాయించి, ఆకలితో ఆలస్యముగా వచ్చు బాలిక యాలెక్కలోఁ జేరదు. ఆనాఁడు బడికే రాని బాలిక యెవరి లెక్కలోను జేరదు. ఎవరిని గూర్చి మనము తెలిసికొనఁగోరితిమో వారే తప్పిపోయిరి!

వదలఁబడినవారు

ఈ గోతిలోఁ బడిన వారిలో మిగులఁ బ్రసిద్ధము ఒక యమెరికా పత్రిక. 1936వ సంవత్సరమున నాదేశమున అధ్యక్షుని యెన్నిక జరుగుచుండఁగా లిటరరీ డైజెస్టు అను వారపత్రిక సుమారు ఒక కోటిమందికి చీటీలు పంపినది. 23 లక్షలకు పైగా తిరిగివచ్చినవి. వానిని లెక్కించి లాండను జయించునని ప్రకటించినది. ఎన్నికలో రూజువెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. అదేసమయమున గాలప్ అనునతఁడు సుమారు 50 వేలమందిని మాత్రమే ఏఱి యడిగి, రూజువెల్టే గెలుచునని ముందుగాఁ జెప్పియుండెను.

ఇరువది మూఁడులక్షల మెతుకులు పట్టిచూచియు నేల పొరపడిరి? ఆ పత్రికవారు చాలవఱకు టెలిఫోనులును మోటారుబండ్లును గలవారి జాబితాలనుండి పేరులు తీసికొనిరి. అది గొప్పకఱవు కాలము. టెలిఫోను లేని పేదవాని మాట వారి చెవిఁబడలేదు. పైగా చీటి యందుకొన్నవారిలో నాలుగింట మూఁడువంతులకుపైగా బదులే వ్రాయలేదు. బదులు వ్రాసినవారి మనస్సును వ్రాయనివారి మనస్సును ఒక్కటి కానక్కఱలేదు గదా.

మనయిండ్లకు లెక్కలు వ్రాయువారు వచ్చినప్పుడును ఈ విషయమే తలఁచుకొనవలెను. పదిగంటలవేళ తలుపు తాళమువేసియున్న యింటిని వదలి ప్రక్కయింటికిఁ బోవుట సులభము. కాని ఆ తాళము వెనుక నున్నది కలుపుతీయఁబోయిన కూలిస్త్రీ సంసారము. సాయంకాలము మరల వచ్చి యామె నడుగని లెక్క, ఇంటిపట్టుననున్న వారి లెక్కయేకాని ఊరి లెక్క కాదు.

మనదేశమున నీశాస్త్రము

భారతదేశమున నీశాస్త్రమునకు అంకురార్పణముచేసిన మహనీయుఁడు ప్రశాంతచంద్ర మహాలనోబిసు. ఆయన 1931లో కలకత్తాలో భారత సాంఖ్యకసంస్థను స్థాపించెను. వంగదేశమున జూటుపైరు ఎన్ని యెకరములలోఁ గలదో తెలిసికొనుటకు, ప్రతిపొలమును గొలువక, అక్కడక్కడ యాదృచ్ఛికముగా నేఱిన తునుకలను మాత్రమే చూచి లెక్కవేయు పద్ధతిని 1937 మొదలుకొని కొన్నియేండ్లు పరీక్షించి నెగ్గించెను. ఒకే ప్రదేశమునకు రెండు బృందములను వేర్వేఱుగాఁ బంపి, వారి లెక్కలను సరిపోల్చి, పనివారి పొరపాటులను బయల్పఱచుట యాయన నేర్పు. ఇద్దఱు కోడండ్రచేత వేర్వేఱుగా బియ్యము కొలిపించి చూచు నత్తగారి యుపాయమువంటిదే యిది! 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వేకును ఆయనయే మార్గదర్శకుఁడు.

ఆ సంస్థకు 1941లో చేరి జగత్ప్రసిద్ధుఁడైనవాఁడు మన తెలుఁగుబిడ్డ, కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. ఆయన 1920లో హడగలిలో జన్మించిరి. ఎనిమిదవ సంతానమగుటచే శ్రీకృష్ణుని పేరు పెట్టిరఁట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక పురస్కారము నందుకొని, ఆ సంవత్సరముననే నూటరెండేండ్ల వయస్సునఁ గీర్తిశేషులైరి. చిన్ననాఁడు తెల్లవాఱుజామున నాలుగు గంటలకు తన్ను లేపి, దీపము వెలిగించి చదువునకుఁ గూర్చుండఁబెట్టిన తల్లి లక్ష్మీకాంతమ్మగారికి ఆయన తన గ్రంథమున ఋణము చెప్పుకొనిరి. ఆ దీపముయొక్క వెలుఁగు ఎంతదూరము ప్రసరించినదో చూడుఁడు.

పదిసంఖ్యలకు ఒక్కమాట

ఏఱి యడుగుట ముగిసినది. ఇఁక చేతిలో మిగిలినది సంఖ్యలకుప్ప. దీనిని దత్తాంశమందురు. దానిని మొదట చక్కఁబఱుపవలెను. వెనుకటియిండ్లలో పాలలెక్కకు గోడపై గీఁతలు గీయుట మీరెఱుఁగుదురు. అట్లే ఒక్కొక్కసంఖ్య యెన్నిసారులు వచ్చినదో గీఁతలుగీసి, నాలుగు గీఁతలపై నైదవగీఁత నడ్డముగాఁ గొట్టి లెక్కింతురు. ఎన్నిసారులు వచ్చినదను నాలెక్కకే పౌనఃపున్యమని పెద్దపేరు.

ఒక వీథిలో తొమ్మిది యిండ్లవారు నెలకు వాడు కందిపప్పు కిలోలలో నిట్లున్నదనుకొనుఁడు : 2, 2, 3, 3, 3, 4, 4, 5, 28. చివరిది పూటకూళ్ళయిల్లు. మొత్తము 54. తొమ్మిదిచే భాగింపఁగా 6. ఇది సగటు, శాస్త్రమున అంకమధ్యమము. కాని ఆవీథిలో ఆఱుకిలోలు వాడు నిల్లొక్కటియు లేదు! ఎనిమిదిండ్లు ఐదుకు మించలేదు. ఒక్క పూటకూళ్ళయిల్లు సగటును తనవైపునకు లాగుకొనిపోయినది.

అట్టియెడల సంఖ్యలను చిన్నదానినుండి పెద్దదానివఱకు వరుసగా నిలిపి, నడిమిదానిని జూడవలెను. ఇచట నైదవసంఖ్య 3. ఇదియే మధ్యగతము. 28కి మాఱుగా 280 వ్రాసినను మధ్యగతము చలింపదు. సంఖ్యలు సరిసంఖ్యలో నున్నచో నడుమనున్న రెండింటి సగటును గైకొనవలెను. ఎక్కువసారులు వచ్చినసంఖ్య బాహుళకము. ఇచట నదియు 3యే. కోమటి యేపొట్లములు ముందుగాఁ గట్టియుంచవలెనో బాహుళకము చెప్పును. వీథికంతకుఁ గలిపి ఎంతపప్పు తెప్పింపవలెనో సగటు చెప్పును. సామాన్యగృహస్థుని వాడుకను మధ్యగతము చెప్పును. మూఁడును నిజమే. ఏప్రశ్నకు ఏది బదులో యెఱుఁగుటయే వివేకము.

రెండు పంక్తులు

సగటును మధ్యగతమును గూడ మోసపుచ్చు సందర్భ మొకటి చెప్పెదను. ఇది మనకు మిక్కిలి దగ్గఱిది. రెండిండ్లు. ఒక్కొక్కయింట నైదుగురు. మొదటియింట రాత్రి భోజనమున అందఱకును రెండేసి గరిటెల పప్పు : 2, 2, 2, 2, 2. రెండవయింట 4, 3, 2, 1, 0. మొదటియింటి సగటు 2, రెండవయింటి సగటును 2. మధ్యగతములును రెండేసియే. దూరమునుండి లెక్కవ్రాయువాఁడు రెండిండ్లును సమానమని వ్రాసికొని పోవును.

ఆ సున్న యెవరిదో నేను జెప్పనక్కఱలేదు. అందఱకును వడ్డించి, కడపట గిన్నె యడుగు తుడుచుకొని తినునామెది.

ఈ భేదమును జూపుటకే శాస్త్రమున విస్తరణమానములు కలవు. పెద్దసంఖ్యనుండి చిన్నసంఖ్యను దీసివేసినచో వ్యాప్తి. మొదటియింట 0, రెండవయింట 4. లేదా ఒక్కొక్కరు సగటునకెంత దూరమున నున్నారో చూడవచ్చును. రెండవయింట ఆదూరములు 2, 1, 0, 1, 2. మొత్తము 6. ఐదుచే భాగింపఁగా 1.2. దీనిని సగటు విచలనమందురు. ఆదూరములను వర్గములుచేసి, వాని సగటునకు వర్గమూలము తీసినచో ప్రామాణిక విచలనము. ఇచట వర్గములమొత్తము 10, సగటు 2, దాని వర్గమూలము సుమారు 1.41. పెద్దతరగతుల పిల్లలు దీనినే తఱచుగా వాడుదురు. సగటుతోఁబాటు విస్తరణమును జెప్పని లెక్క, అన్నము పెట్టితిమని చెప్పి యెవరెవరికిఁ బెట్టితిమో చెప్పనివంటిది.

ఎవరి సగటు?

చివరగా మనదేశపు లెక్కయే యొకటి పరిశీలింతము. 2019 జనవరి మొదలు డిసెంబరువఱకు జాతీయ సాంఖ్యక కార్యాలయమువారు, జనులు దినములోని 24 గంటలను ఎట్లు గడపుచున్నారో తెలిసికొనుటకు 1,38,799 కుటుంబములను దర్శించిరి. తెల్లవాఱుజామున నాలుగుగంటలనుండి మఱునాఁటి నాలుగువఱకుఁ గల కాలమును అరగంట భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునఁ జేసిన పనులను వ్రాసికొనిరి. 2011 జనగణన ప్రకారము దేశమునఁ గుటుంబములు సుమారు 25 కోట్లు. ఆ లెక్కనుబట్టి 1,800 కుటుంబములకు ఒకటి మాత్రమే చూచినట్లు. అయినను గ్రామములను పట్టణభాగములను వర్గములుగా విభజించి, ముందు వానిని, పిదప వానిలోని యిండ్లను యాదృచ్ఛికముగా నేఱిరి గనుక ఈచెంచా నమ్మఁదగినది.

ఆఱేండ్లు మొదలుకొని పైవయస్సువారిలో, వేతనము లేని యింటిపనిచేసిన స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు గడపిరని తేలినది. అనఁగా మనకు అయిదుగంటలకొక నిమిషము తక్కువ, వారికి ఒక గంట ముప్పదియేడు నిమిషములు. మూఁడింతలకంటె కొంచె మెక్కువ భేదమని చదువరు లనుకొందురు.

నిలువుఁడు. ఇది యెవరి సగటు? ఆదినమున ఇంటిపని చేసినవారి సగటు మాత్రమే. స్త్రీలలో నట్లు చేసినవారు 81.2 శాతము, పురుషులలో 26.1 శాతము. చీపురు ముట్టని పురుషులు సగటులోఁ జేరనేలేదు. అందఱినిఁ జేర్చి చూతము. 299ని 81.2 శాతముచే హెచ్చింపఁగా సుమారు 243 నిమిషములు. 97ని 26.1 శాతముచే హెచ్చింపఁగా సుమారు 25 నిమిషములు. ఇప్పుడు భేదము మూఁడింతలు కాదు, ఇంచుమించు పదింతలు! మొదటి సగటు అబద్ధము కాదు, రెండవది యతిశయోక్తి కాదు. పని చేసినవాఁడు ఎంతసేపు చేసెనని యడిగినచో మొదటిది. ఇంటిబరువు స్త్రీపురుషులకు ఎట్లు పంచఁబడినదని యడిగినచో రెండవది. ప్రశ్న మాఱినచో బదులు మాఱును. ఈ లెక్కను 2024లో మరల సేకరించిరి. అట్టివి పత్రికలలోఁ గనఁబడినపుడెల్ల శీర్షికను జదివి విడువక, క్రింద చిన్నయక్షరములలో నున్నదానిఁగూడ చదువుఁడు.

సోదరీమణులారా! పూర్వము మన శ్రమను లెక్కించువారే లేకుండిరి. లెక్కింపఁబడనిదానిఁగూర్చి రాజ్యమునందు మాటాడువారుండరు, దానికై ధనమును గేటాయించువారుండరు. నేఁడు లెక్కించుచున్నారు. ఆ లెక్కలను జదువనేర్చుట యిఁక మనవంతు. ఏసంఖ్య వినఁబడినను మూఁడు ప్రశ్నలడుగుఁడు. ఎవరినిఁ జూచి చెప్పిరి? ఎవరిని వదలిరి? సగటుమాటున నున్న సున్న యెవరిది?

ఈ మాసపు అభ్యాసము : మీయింటి వారందఱు ఏడుదినములు రాత్రి యెన్నిగంటలకు నిద్రించి, ఉదయ మెన్నిగంటలకు లేచిరో యొక కాగితముపై వ్రాయుఁడు. ఒక్కొక్కరి నిద్రకు సగటు, మధ్యగతము, వ్యాప్తి కట్టుఁడు. పిల్లలచేతనే కట్టింపుఁడు, పాఠమును వచ్చును. మీపేరును గూడ పట్టికలో వ్రాయుట మఱువవలదు. ఫలితమును భోజనసమయమున అందఱియెదుటను చదువుఁడు.

వచ్చుమాసమున ఇట్టిసంఖ్యలను చిత్రములుగా గీయుటను, ఆ చిత్రములచేతఁ జనులను మభ్యపెట్టు విధములను గూర్చి వ్రాయుదును.